గోముఖం దగ్గర చెరువు లెక్క



మన పుత్తూరు, నారాయణవనం, నగరి పక్క చార్‌ధామ్ యాత్ర చేసొచ్చిన ఇళ్ళకు కొదవలేదు. తిరుపతిలో రైలెక్కి ఢిల్లీలో దిగుతారు. హరిద్వార్, రిషీకేశ్ మీదుగా బస్సులో కొండలెక్కి, గంగోత్రి గుళ్ళో అమ్మవారిని చూసి, సీసాల్లో గంగనీళ్ళు పట్టుకుని ఇంటికొస్తారు. అయితే గంగోత్రి గుడి దగ్గర గంగ పుట్టదు. అక్కడి నుంచి ఇంకో 18 కిలోమీటర్లు పైకి నడిస్తే గోముఖం వస్తుంది. గంగోత్రి హిమానీనదానికి అది కొస. మంచు అడుగు నుంచి భాగీరథి బయటికి వచ్చేది అక్కడే. ఈ భాగీరథి దేవప్రయాగలో అలకనందతో కలిసిన తర్వాతే దానికి గంగ అని పేరు. ఆ 18 కిలోమీటర్ల దారిలో, ముఖ్యంగా మంచు దాకా పోయిన రోజున, మా ఊరి జట్టు ఏం చూసింది, ఏం మాట్లాడుకుంది అన్నది ఈ పూట చెబుతాను.

జట్టు కట్టి ఉత్తరాదికి పోవడం మనవాళ్ళకు కొత్త కాదు. 1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య సుమారు వందమంది పరివారంతో చెన్నపట్నంలో బయలుదేరి, తిరుపతి, కడప, హైదరాబాదు మీదుగా కాశీకి పోయారు. పదిహేను నెలల పైచిలుకు తిరిగి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. అంతటి యాత్రికుడు కూడా కాశీ, ప్రయాగ, గయ చూశారే తప్ప హిమాలయం ఎక్కలేదు. ఎక్కాలన్నా అప్పటికి దారి తెలిసినవాళ్ళు తక్కువ. గంగ మొదలు ఎక్కడో తేల్చడానికి బయలుదేరిన సర్వే అధికారులు హాడ్జ్‌సన్, హెర్బర్ట్ గోముఖం చేరింది 1817లో. వీరాస్వామయ్య బయలుదేరడానికి పదమూడేళ్ళ ముందు మాత్రమే. ఇప్పుడు ఆ దారిలో చౌకీలున్నాయి, బస చేసేందుకు చోటుంది, కాలిబాట ఉంది. కావలసిందల్లా ఓపిక, అనుమతి కాగితం.

మా జట్టులో మరమగ్గాలు నడిపే అన్నదమ్ములున్నారు. రిటైరైన టీచరమ్మ ఒకరు. రైల్వేలో చేసి దిగిన పెద్దాయన ఒకరు. కాలేజీ పిల్లలు కొందరు. వీళ్ళు కాక, పుత్తూరు పక్క పల్లెలో చెరువు కింద వరి, మెట్టలో చెనక్కాయ వేసే రైతు ఒకాయన ఉన్నాడు. ఆయన్ని అందరం మామా అనే పిలుస్తాం. మేము పోయింది మే నెల చివర. ఇక్కడ కత్తిరి ఎండలు. చెరువు ఎండి, చేలో పనిలేని కాలం గనకనే మామ మాతో రాగలిగాడు. నేను చెప్పబోయే మాటల్లో అసలైనది ఆయన నోట వచ్చిందే.

గంగోత్రి సముద్రమట్టానికి సుమారు 3,100 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మన తిరుమల ఎత్తు దాదాపు 850 మీటర్లు. గోముఖం 4,000 మీటర్లకు కొంచెం తక్కువ. అంత ఎత్తులో ఊపిరి పీలిస్తే, సముద్రం ఒడ్డున అందే ప్రాణవాయువులో అరవై శాతం చిల్లరే అందుతుంది. అలిపిరి మెట్లు గడగడా ఎక్కేసే కుర్రవాడికి కూడా అక్కడ పది అడుగులకు ఆయాసం వస్తుంది. అందుకే మేము గంగోత్రి చేరిన మరునాడే నడక మొదలుపెట్టలేదు. ఒక రోజు అక్కడే ఉండి, గుడికీ ఏటిగట్టుకూ తిరుగుతూ ఒంటిని ఆ గాలికి అలవాటు చేసుకున్నాం. గోముఖం దాకా దారంతా గంగోత్రి జాతీయ పార్కు అడవి. పార్కు ఏర్పడింది 1989లో. గోముఖం దారిలో రోజుకు 150 మందికే అనుమతి. దారి మొదట్లోనే అటవీ శాఖ చౌకీలో కాగితాలు చూస్తారు, సంచుల్లో ప్లాస్టిక్ ఏముందో అడుగుతారు. తీసుకుపోయిన చెత్త తిరిగి తెచ్చుకోవాలి.

తిరుమల కొండ నడిచేటప్పుడు మనకో అలవాటుంది. కాళ్ళు బాగున్నవాళ్ళు ముందు పోయి గాలిగోపురం దగ్గర కూర్చుంటారు. వెనకవాళ్ళు మెల్లగా వస్తారు. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదని మా వెంట వచ్చిన గైడు మొదటే చెప్పాడు. అందరికంటే మెల్లగా నడిచే మనిషిని ముందు పెట్టాడు. ఆ మనిషి మా టీచరమ్మ. ఆమె అడుగెంత అంటే జట్టు అడుగంత. కాలేజీ పిల్లలకు ఇది మొదట నచ్చలేదు.

"ఏందన్నా, ఇట్ల పోతే సాయంత్రానికైనా చేరతామా?" అని ఒకడు సణిగాడు.

"చేరకుంటే రేపు చేరతాం. నువ్వు ముందు పోయి పడిపోతే నిన్ను మోసేదెవరు?" అన్నాడు మరమగ్గాల అన్న.

పిల్లవాడు మళ్ళీ మాట్లాడలేదు. మధ్యాహ్నానికి వాళ్ళలోనే ఒకడికి తలనొప్పి పట్టుకుంది. టీచరమ్మకు ఏమీ కాలేదు. ఎత్తులో వచ్చే జబ్బు వయసు చూసి రాదు. దూకుడుగా ఎక్కినవాళ్ళను ముందు పట్టుకుంటుంది.

తొమ్మిది కిలోమీటర్లు నడిస్తే చీడ్‌బాసా వస్తుంది. అలిపిరి నుంచి తిరుమలకు కూడా ఇంచుమించు అంతే దూరం. పైన్ చెట్లు ఇక్కడితో పలచబడతాయి. ఇంకో ఐదు కిలోమీటర్లు పోతే భోజ్‌బాసా. ఈ మధ్యలో ఒక చోట కొండవాలు పొడవునా రాళ్ళు జారుతూ ఉంటాయి. పైన భరల్ అనే కొండగొర్రెలు మేస్తూ కాలు కదిపితే చాలు, కింద నడిచేవాళ్ళ మీదికి రాయి వస్తుంది. గైడు అక్కడ మాట్లాడనివ్వలేదు, నిలబడనివ్వలేదు. ఒకరి తర్వాత ఒకరు, పైకి చూసుకుంటూ దాటాం. "మన నగరి కొండ ఇట్ల రాలదు గదా, ఇదేం కొండ?" అని రైల్వే పెద్దాయన అడిగాడు. టీచరమ్మ అక్కడే సమాధానం చెప్పలేదు. బసకు చేరి, టీ తాగి, పాఠం చెప్పినట్టు చెప్పింది. మన నగరి కొండల రాయిని భూగర్భ శాస్త్రవేత్తలు నగరి క్వార్ట్‌జైట్ అంటారు. దాని వయసు నూరు కోట్ల ఏళ్ళకు పైమాటే. రాలవలసింది ఎప్పుడో రాలిపోయి గట్టిపడి నిలిచిన కొండ అది. హిమాలయం లేవడం మొదలై ఐదు కోట్ల ఏళ్ళు. ఇప్పటికీ లేస్తూనే ఉంది. పెరిగే కొండ కుదురుగా ఉండదు.

భోజ్‌బాసాలో ఒకప్పుడు భూర్జ చెట్లు దట్టంగా ఉండేవి. పూర్వం మన దేశంలో గ్రంథాలు రాసుకున్న భూర్జపత్రం ఈ చెట్టు బెరడే. వంటచెరకుకూ డేరాలకూ కొట్టికొట్టి అడవి తరిగిపోతే, పర్వతారోహకురాలు హర్షవంతి బిష్ట్ అక్కడే నారు పెంచి మళ్ళీ మొక్కలు నాటించారు. 1981లో నందాదేవి ఎక్కిన ఆమె ఈవిడే. అంత చలిలో ఒక మొక్క మనిషెత్తు ఎదగాలంటే ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. ఆ రాత్రి వేడి కిచిడీలోకి మేము ఇంటినుంచి తెచ్చుకున్న చెనక్కాయ పొడి కలుపుకున్నాం. మా పక్కన కూర్చున్న బెంగాలీ యాత్రికులకూ పెట్టాం. మా పొడి డబ్బా అక్కడే ఖాళీ అయింది.

మరునాడు తెల్లవారక ముందే లేచాం. భోజ్‌బాసా నుంచి గోముఖానికి నాలుగైదు కిలోమీటర్లు. పొద్దున్నే పోవాలనడానికి కారణం ఉంది. రాత్రి చలికి మంచు కరగడం తగ్గుతుంది గనక పొద్దున పక్కవాగులు సన్నగా ఉంటాయి. ఎండెక్కిన కొద్దీ మంచు కరిగి, మధ్యాహ్నం దాటాక అవే వాగులు ఉరకలేస్తాయి. పొద్దున రాయి మీద కాలు పెట్టి దాటిన చోట సాయంత్రం మోకాలి లోతు ఉండవచ్చు. వాన పడకుండానే, మబ్బు లేకుండానే, రోజుకొకసారి వాగు పొంగడం మనకు తెలియని సంగతి. మన అరుణానదికి నీళ్ళు రావాలంటే వాన రావాలి. వాన పోతే నాలుగు నాళ్ళకు ఇసుక. ఇక్కడ ఎండ ఎంత కాస్తే అంత నీరు. మామ దీన్ని గమనించి, "ఎండకు పారే ఏరు ఇదే చూడటం" అన్నాడు.

సూర్యుడు రాకముందే భాగీరథి శిఖరాల కొసలు ఎరుపెక్కాయి. అందులో పెద్దది 6,856 మీటర్లు. కుడిచేతి పక్క శివలింగ శిఖరం, 6,543 మీటర్లు. మాలో కొందరు అక్కడే చెప్పులు విడిచి దండం పెట్టబోతే గైడు వద్దన్నాడు. ఆ చలిలో ఒట్టి కాళ్ళు నిమిషాల్లో తిమ్మిరెక్కుతాయి. బూట్లతోనే దండం పెట్టుకున్నాం. అక్కడి నుంచి బాట అన్నదే లేదు. అన్నీ బండరాళ్ళు. ఒకప్పుడు ఆ రాళ్ళ మీద మంచు ఉండేది. మంచు వెనక్కి పోతూ రాళ్ళను వదిలేసి పోయింది. అంటే మేము నడిచింది హిమానీనదం ఖాళీ చేసిన నేల మీద.

మంచు కొసకు ఇంకా కొంత దూరం ఉండగానే ఆగిపోవాలి. ముందుభాగం నుంచి పెద్దపెద్ద గడ్డలు ఎప్పుడు విరిగి పడతాయో ఎవరూ చెప్పలేరు. అందుకే దగ్గరికి పోనివ్వరు. ఆగిన చోటి నుంచి చూస్తే, మాలో ఎవరూ అనుకున్నట్టు అది లేదు.

"ఇదేందప్పా, మంచంటే తెల్లగా ఉంటాదనుకుంటిమే. మట్టిమిద్దె గోడ మాదిరి ఉండాది!" అన్నాడు మరమగ్గాల తమ్ముడు.

నిజమే. పైన అంతా రాళ్ళూ మట్టీ. కింద విరిగిన చోట మాత్రమే పచ్చి నీలం. ఆ నీలం అడుగున గుహలాంటి సందు. అందులోంచి బూడిద రంగు నీళ్ళు, గడ్డకట్టిన ముక్కలను దొర్లించుకుంటూ, పెద్ద చప్పుడుతో వస్తున్నాయి. హిమానీనదం రాయిని పిండిచేసి తెస్తుంది గనక నీళ్ళకు ఆ రంగు. పైన కప్పిన రాళ్ళకూ పని ఉంది. మందంగా కప్పితే ఎండ తగలనివ్వక మంచును కాపాడతాయి. పలచగా పడిన దుమ్ము, మసి మాత్రం ఎండను పీల్చి మంచును తొందరగా కరిగిస్తాయి. కింది కొండల్లో పైన్ అడవులు తగలబడినప్పుడు లేచిన మసి కూడా వచ్చి పడేది ఇలాంటి మంచు మీదే.

అందరూ ఫొటోలు తీసుకుంటుంటే మామ ఒక బండ మీద కూర్చుని అడిగాడు. "ఈ గడ్డ ఎంత పొడుగుంటాది?"

సుమారు 30 కిలోమీటర్లు, వెనక చౌఖంబా కొండ దాకా ఉంటుందని గైడు చెప్పాడు.

"పైన ఏటికి ఎంత మంచు పడతాది? కింద ఏటికి ఎంత కరిగి పోతాది?"

గైడు నవ్వి ఊరుకున్నాడు. మామ వదల్లేదు. "చెరువైనా అంతే గదా. వరవ కాలవలో వచ్చేది తక్కువై, తూములో పోయేది ఎక్కువైతే, ఎంత పెద్ద చెరువైనా ఒకనాటికి అడుగు కనపడతాది. ఇది చెరువే. రాయి కట్ట లేదు, అంతే."

శ్రోతలారా, హిమానీనదాలను చదివే శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి వేస్తున్న లెక్క సరిగ్గా ఇదే. పై భాగంలో, ఎండాకాలంలోనూ కరగని ఎత్తులో, చలికాలపు మంచూ వానాకాలపు మంచూ పొరలు పొరలుగా పడి, బరువుకు అణిగి గట్టి గడ్డ అవుతుంది. ఆ బరువుతోనే అది మెల్లగా కిందికి జారుతుంది. కింది భాగంలో కరిగి ఏరవుతుంది. పైన చేరేదీ కింద కరిగేదీ సమంగా ఉన్నంత కాలం కొస ఉన్నచోటే ఉంటుంది. కరిగేది ఎక్కువైతే కొస వెనక్కి జరుగుతుంది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన ఆడెన్ 1935లో గోముఖం ఎక్కడుందో కొలిచి పటం గీశారు. ఆనాటి నుంచి ఈనాటికి ఆ కొస కిలోమీటరుకు పైగా వెనక్కి పోయింది. పక్కనుంచి వచ్చి దీనిలో కలిసే చతురంగి లాంటి ఉప హిమానీనదాలు అసలు గడ్డను అందుకోలేక విడిపోయాయి. మామ భాషలో చెప్పాలంటే వరవ కాలవలు తెగిపోయాయి.

గంగ రేపే ఎండిపోతుందని దీని అర్థం కాదు. మైదానంలో గంగకు ఎక్కువ నీరు వానల వల్లే వస్తుంది. కానీ ఏప్రిల్, మే, జూన్‌లో, వాన రాకముందు, పై కొండల్లో నదికి ఈ మంచునీరే పెద్ద ఆధారం. కరువు నెలల్లో పనికొచ్చే నిల్వ తరగడమంటే ఏమిటో మన రాయలసీమవాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ సంగతి లోకం దృష్టికి తేవాలని ఐక్యరాజ్యసమితి 2025ను హిమానీనదాల పరిరక్షణ సంవత్సరంగా ప్రకటించింది. ఏటా మార్చి 21న హిమానీనదాల దినం జరపాలని కూడా నిర్ణయించింది.

తిరుగు దారిలో రాళ్ళ మధ్య మరమగ్గాల అన్నకు కాలు మడతపడింది. విరగలేదు గానీ వాచింది. "రాచపాళెం ఇక్కడికి ఎంత దూరం?" అని నొప్పిలోనూ నవ్వాడు. ఎముకలు విరిగితే రాచపాళెంలో వేసే పుత్తూరు కట్టు కోసం రాష్ట్రాలు దాటి జనం మన ఊరికి వస్తారు. మన ఊరివాడికి అవసరమైనప్పుడు వెదురు బద్దలూ లేవు, పసరూ లేదు. గైడు గుడ్డతో బిగించి కట్టాడు. బరువంతా పిల్లలు పంచుకున్నారు. ముందురోజు సణిగిన కుర్రవాడే ఆయన సంచి మోశాడు. ఆ రోజు గంగోత్రి దాకా దిగుదామనుకున్నవాళ్ళం భోజ్‌బాసాలోనే ఆగిపోయాం. జట్టుతో పోయేటప్పుడు చేతిలో ఒక రోజు అదనంగా ఉంచుకోవాలని అందుకే అంటాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు మరికొన్ని మాటలు. గుండె జబ్బు, ఉబ్బసం, అదుపులో లేని రక్తపోటు ఉన్నవాళ్ళు డాక్టరు సరే అంటేనే బయలుదేరండి. ఎత్తుకు వేసుకునే మాత్రలు కూడా ఆయన చెబితేనే వేసుకోండి. తలనొప్పి, వాంతి, మాట తడబడటం కనిపిస్తే మొండికేయకుండా కిందికి దిగాలి. అన్నిటికంటే పెద్ద మందు అదే. మే, జూన్ మొదట్లో, లేదా వానలు తగ్గాక సెప్టెంబరు చివర పోవడం మంచిది. వానాకాలంలో ఆ కొండల్ని నమ్మకూడదు. 2025 ఆగస్టు 5న గంగోత్రి దారిలోనే ఉన్న ధరాలీ ఊరి మీద ఖీర్ గాడ్ వాగు బురదా బండలతో విరుచుకుపడిన తీరు మీరంతా టీవీల్లో చూసే ఉంటారు. నడవలేనివాళ్ళు గంగోత్రి గుడి దగ్గరే ఆగిపోతే యాత్రకు వచ్చిన లోటేమీ లేదు.

ఇక మామ వేసిన లెక్క సంగతి. మంచు చెరువుకు పూడిక తీయడం మన చేతిలో లేదు. లోకమంతా కలిసి బొగ్గు, పెట్రోలు మంట తగ్గించుకుంటే తప్ప ఆ తూము మూతపడదు. ఇక్కడి చెరువుల సంగతి వేరు. నగరి కొండల్లో కురిసిన వాన కైలాసకోనలో ఊటగా దిగుతుంది, వంకల్లో పారుతుంది, అరుణానదిలో కలిసి పిచ్చాటూరు అరణియార్ చేరుతుంది. ఆ దారిలో ప్రతి పల్లెకూ ఒక చెరువు, ప్రతి చెరువుకూ ఒక వరవ కాలవ ఉంది. పెద్దలు తవ్వి ఇచ్చినవి. వాటిలో చాలా భాగం పూడిపోయి, ముళ్ళకంప పెరిగి, కొన్నిచోట్ల ఇంటి స్థలాలైపోయాయి. పై నుంచి నీళ్ళు వచ్చే దారి మూసేసి, చెరువు నిండలేదని వానను తిట్టడం మనకు అలవాటైంది. హిమాలయంలో కాలవలు వేడికి తెగుతున్నాయి. మన దగ్గర తెంచుతున్నది మనమే. గోముఖం దాకా నడిచొచ్చినవాడు తన ఊరి వరవ కాలవకు అడ్డంగా ప్లాట్ల రాళ్ళు పాతుతుంటే చూస్తూ ఊరుకుంటే, అంత దూరం పోయి ఏం నేర్చుకున్నట్టు?